గోధుమ మానితే కడుపు కుదుటపడింది - జమ ఏ పద్దులో వేయాలి?

బిల్హాలో సాయంత్రం మా అరుగు మీద చేరే నలుగురిలో ముగ్గురు గోధుమ మానేశామని గర్వంగా చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే ఇది వడ్ల సీమ. ఇక్కడి పల్లెల్లో బియ్యప్పిండితో అంగాకర్ రొట్టె చేసుకుంటారు, వేసవిలో బోరే బాసీ తింటారు (మన చద్దన్నమే). రైలు ఉద్యోగాలకని ఉత్తరాంధ్ర నుంచి బిలాస్‌పూర్ వైపు వచ్చి స్థిరపడ్డ మనవాళ్లదీ అన్నం తిండే. మరి మా ఇళ్లలోకి గోధుమ ఎలా వచ్చింది? 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరాక కొంత రేషను షాపు దారిన వచ్చింది. ఆ తర్వాత చాలావరకు షుగరు జబ్బు తెచ్చిపెట్టింది. రాత్రి అన్నం మాని రెండు పుల్కాలు తినమంటారు కదా!

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఏడాది తిరక్కుండానే కడుపుబ్బరం, తేన్పులు. "గోధుమ విషం, మానెయ్" అన్నాడు ఒక మిత్రుడు. మానేశాను. మూడు వారాల్లో హాయిగా ఉంది. కానీ రక్షణశాఖ లెక్కల్లో జీవితమంతా గడిపినవాణ్ని. జమ కనిపిస్తే ఏ పద్దు కింద అని అడక్కుండా ఉండలేను.

వైద్యచరిత్రలో ఈ పద్దు తప్పే మహామహులు చేశారు. గోధుమలోని గ్లూటెన్ వల్ల కొందరిలో రోగనిరోధక వ్యవస్థ తమ చిన్నపేగు మీదే తిరగబడుతుంది. దాన్ని సీలియాక్ జబ్బు అంటారు. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ దీన్ని వివరించాడు. నయమంటూ అయితే ఆహారంతోనే కావాలన్నాడు. అక్కడిదాకా సరే. ఆ ఆహారం ఏదో ఆయనకు అంతుబట్టలేదు. రోజూ హాలండు ఆలుచిప్పల మాంసం తిన్న ఒక బిడ్డ బాగా కోలుకుందని రాసిపెట్టాడు.

1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ పదిమంది పిల్లల సంగతి ప్రకటించాడు. అరటిపండ్ల పథ్యం పెట్టిన ఎనిమిదిమంది బతికారు, పెట్టని ఇద్దరు చనిపోయారు. ప్యూర్టోరికోలో రొట్టె తినే పట్నవాసులకు ఇలాంటి జబ్బు ఉందని, అరటి తినే పల్లెజనానికి లేదని కూడా ఆయన గమనించాడు. సాక్ష్యం కళ్లెదుటే ఉంది! అయినా ఆయన జమ అంతా అరటి ఖాతాలో వేశాడు. ఆ పథ్యంలో రొట్టె నిషిద్ధం అన్న సంగతి పక్కకు పోయింది. ఒళ్లు చేశాక మళ్లీ రొట్టెకు మళ్లిన పిల్లలకు జబ్బు తిరగబెట్టేది. నయమైందనుకుని ఇంటికి తీసుకుపోయిన తల్లుల గతి ఆలోచించండి.

పద్దు సరిచేసింది హాలండు పిల్లల వైద్యుడు విలెమ్ డికె. 1944-45 కరువు చలికాలంలో రొట్టె దొరక్క ఈ పిల్లలు బాగుపడ్డారని, దాంతో ఆయనకు హఠాత్తుగా తట్టిందని కథ చెబుతారు. నిజానికి 1930లలోనే ఆయన గోధుమ లేని పథ్యం మొదలుపెట్టాడు, 1941లో దాని గురించి రాశాడు కూడా. కరువు ఆయన అనుమానాన్ని బలపరిచింది, అంతే. నాకు ఆయనలో నచ్చేది ఆ తర్వాత చేసిన పని. గోధుమ పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ప్రతిసారీ పిల్లల మలంలో కొవ్వు ఎంత పోతోందో కొలిపించాడు. గోధుమ పెడితే పెరిగింది, బియ్యం, మొక్కజొన్న పెడితే తగ్గింది. 1950లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన పరిశోధన గ్రంథం అదే.

మన దేశం సంగతికి వస్తే, 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో 23,331 మంది పెద్దలను పరీక్షించారు. రక్తంలో సీలియాక్ సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో తేలాయి. జబ్బుకు అనుకూలమైన జన్యువులు రెండుచోట్లా దగ్గరదగ్గరగానే ఉన్నాయి. తేడా అంతా తిండిలో. అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25.

అంటే మా అరుగు మీది ముగ్గురికీ సీలియాక్ ఉండే అవకాశం బహు తక్కువ. వాళ్ల ఉపశమనం అబద్ధమని కాదు. 2018లో నార్వేవాళ్లు గ్లూటెన్ పడదనుకునే 59 మందికి, ఏది తింటున్నారో తెలియనివ్వకుండా పెట్టి చూశారు. ఎక్కువ బాధపెట్టింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం. అది గోధుమలోనే కాదు, ఉల్లిలోనూ వెల్లుల్లిలోనూ ఉంటుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. నిజంగా సీలియాక్ ఉన్నవాడు ముందే గోధుమ మానేస్తే రక్తపరీక్షలో జబ్బు దొరక్కపోవచ్చు. పైగా వాడికి జీవితాంతం పూర్తి నిషేధం కావాలి. బియ్యం, జొన్న, రాగి, కొర్ర తినొచ్చు. బార్లీ పనికిరాదు. బొంబాయి రవ్వ, మైదా, మామూలు సేమ్యా గోధుమవే. కూటు ఇంగువలో గోధుమపిండి కలిపేవాళ్లున్నారు. మరలో గోధుమ ఆడిన వెంటనే ఆడించిన జొన్నపిండిలోనూ అది చేరుతుంది. "మానేశాను" అనే మా వాళ్లు ఆదివారం పూరీలు లాగిస్తారు.

డాక్టరు నన్ను ఆరు వారాలు మళ్లీ గోధుమ తిని రమ్మన్నారు. తిన్నాను. పరీక్షలో ఏమీ లేదన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, పుల్కాలతో పాటు నేను మానింది వాటిలోకి చేసే ఉల్లిపాయ కూర కూడా. ఇప్పుడు పుల్కాల్లోకి పప్పు చేస్తున్నారు మా ఆవిడ. పొట్ట నిమ్మళంగానే ఉంది. ఇది ఒక్కడి లెక్క, ఆడిట్‌కు నిలవదు. వచ్చే నెల పప్పు మాని మళ్లీ ఉల్లిపాయ కూర తిని చూడాలి.