మెడ మీద చెయ్యి వేయకముందు

కారు డోరు పట్టుకుని, నడుము మీద చెయ్యి ఆనించి మెల్లగా లేస్తారు మీరు. టెక్సస్ ఎండ పొద్దున్నే మాడ్చేస్తోంది. ఫ్రిస్కోలో మన కిరాణా కొట్టున్న వరసలోనే, చేతులతో వెన్ను సరిచేసే ఈ కైరోప్రాక్టర్ క్లినిక్. సూట్‌కేసు ఎత్తబోతే పట్టేసిన నడుము ఇంకా వదల్లేదు.

లోపల గోడ మీద గడ్డపాయన ఫొటో. ఈ వైద్యానికి ఆద్యుడు డి.డి. పామర్. 1895లో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో హార్వీ లిలార్డ్ అనే అతని వెన్ను సరిచేసి, పోయిన వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. వెన్నుపూసలు పక్కకు జరగడమే దాదాపు అన్ని రోగాలకూ మూలమని నమ్మాడు. ఆ నమ్మకం బల్ల మీది కరపత్రంలో ఇంకా బతికే ఉంది: ఉబ్బసం, బీపీ, పసిపిల్లల కడుపునొప్పి. దాన్ని అక్కడే పెట్టేయండి. మీరొచ్చింది నడుము కోసం. నడుము నొప్పికి, మందుల కన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో ఈ చేతి వైద్యాన్ని 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా చేర్చింది.

ఫారం చాంతాడంత ఉంది. విసుగ్గా అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టుకుంటూ పోతున్నారు.

‘‘ఏవండీ, రక్తం పలచబడే మాత్ర సంగతి రాశారా?’’ అంటుంది మీ ఆవిడ.

‘‘నడుముకీ దానికీ ఏం సంబంధం?’’

‘‘అడిగారుగా, రాయండి.’’

రాయండి. ఆ మాత్ర వేసుకునేవారి వెన్ను మీద గట్టి విసురు పడితే లోపల రక్తస్రావం కావచ్చు. ఎముకలు గుల్లబారినా, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చినా, జ్వరమున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా చెప్పాల్సిందే. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు పడిపోతున్నా రావాల్సింది ఇక్కడికి కాదు, ఎమర్జెన్సీకి.

పక్క గదిలో ‘టక్’మంటుంది. ఒళ్లు బిగుసుకుంటుంది మీకు. విరిగింది ఏమీ లేదు. కీలు సాగినప్పుడు లోపలి ద్రవంలో ఒత్తిడి తగ్గి, గాలి బుడగ ఏర్పడుతుంది. శబ్దం రానంత మాత్రాన వైద్యం జరగనట్టు కాదు.

డాక్టర్ ఫారం చదివి ఆ మాత్ర దగ్గర ఆగుతాడు. ఆగాడు కాబట్టే మీకు అతని మీద గురి కుదురుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాలు పైకెత్తుతాడు, మోకాలి మీద సుత్తితో తడతాడు, మడమల మీద నడిపిస్తాడు. ఎక్స్‌రే అవసరం లేదంటాడు. విసురు మానేసి, బోర్లా పడుకోబెట్టి అరచేత్తో నెమ్మదిగా నొక్కుతాడు. నొక్కినచోట కండ పట్టు మెల్లగా సడలుతుంది.

‘‘మెడ కూడా చూడమంటారా?’’

‘‘వద్దండీ, మెడ బాగానే ఉంది.’’

వద్దనే హక్కు మీది. మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. అరుదే. కానీ నొప్పి లేని మెడకు ఆ ముప్పు ఎందుకు?

బయట కౌంటరు దగ్గర ఏడాది ప్యాకేజీ కాగితం ముందుకు జరుపుతారు, ఇవాళే కడితే తగ్గింపట. సంతకం పెట్టకండి. కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. ఇవాళ్టి కో-పే (బీమా పోను మీ వంతు) కట్టి, డాక్టర్ని పిలిచి అడుగుతారు: ‘‘ఎన్నాళ్లలో తేడా తెలియాలి? తెలియకపోతే?’’

‘‘రేపు కాస్త సలుపు ఉంటుంది, భయపడకండి. మంచం మీదే ఉండిపోవద్దు, నడవండి. మూడు వారాల్లో మార్పు లేకపోతే నా దగ్గరికి రావద్దు, మీ ఫ్యామిలీ డాక్టర్‌కి నేనే ఉత్తరం రాసిస్తాను.’’