బాయికాడి ‘పీటర్’ ఇంజన్

దోమ మండలంలో మా చిన్నాయన పొలంలో పాత మోటబాయి ఒకటుంది. దాని గడ్డ మీద రేకుల కొట్టంలో ఏండ్లుగా తిరగని ఆయిల్ ఇంజన్. ఏం ఇంజనని అడిగితే ఇంటిల్లిపాదీ ఒకే మాట చెప్తారు: పీటర్ ఇంజన్. ప్లేటు ఉండాల్సిన చోట రెండు రివెట్ల బెజ్జాలే మిగిలాయి. బ్లాకు మీద పచ్చరంగు, దాని కింద నీలం, ఇంకా గీకితే బూడిదరంగు. ఆ ఇంజన్‌ను మళ్లీ నడిపించాలని నా పట్టుదల.

పీటర్ అంటే ఎవరో దొర పేరనుకున్నాను. అది మనిషి పేరే, కాకపోతే ఇంటిపేరు. ఇంగ్లండులోని సోమర్‌సెట్ జిల్లా యోవిల్ పట్నంలో పెట్టర్ కుటుంబం ఇంజన్లు పోతపోసేది. ఎర్నెస్ట్, పెర్సివల్ అనే కవల అన్నదమ్ములు ఆ పని పెంచారు. 1915లో విమానాల కోసం వెస్ట్‌ల్యాండ్ కార్ఖానా పెట్టింది కూడా వాళ్లే. తర్వాతి కాలంలో హెలికాప్టర్లకు పేరుపడిన వెస్ట్‌ల్యాండ్ అదే. పెట్టర్ మన ఊళ్లకొచ్చి పీటర్ అయ్యాడు.

వాళ్ల ఏవీ1 నిలువు సిలిండర్ ఇంజన్: నిమిషానికి 1500 చుట్లు, 5 గుర్రాల బలం, 80 మిల్లీమీటర్ల బోరు, 110 స్ట్రోకు. 1946లో పుణె దగ్గర ఖడ్కీలో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కూడా ఏవీ1 పేరుతో, అవే కొలతలతో చేసింది. రాజ్‌కోట్‌లోని చిన్న చిన్న ఫౌండ్రీలు ఆ నమూనాను చూసి పోతలు పోశాయి. ఎవరు పోసినా ఆ రకానికంతా పీటర్ పేరే నిలిచింది. మన చిక్కంతా ఇక్కడే ఉంది. ఊళ్లో ‘పీటర్’ అనేది కంపెనీ కాదు, ఒక జాతి.

రెండో జాతి లిస్టర్. 1867లో రాబర్ట్ ఆష్టన్ లిస్టర్ ఇంగ్లండులోని డర్స్‌లీలో పెట్టిన వ్యవసాయ పనిముట్ల కంపెనీ అది. 1930 ప్రాంతంలో వాళ్లు తెచ్చిన ఇంజన్ పేరులో సీఎస్ అంటే ‘కోల్డ్ స్టార్ట్’. అంతకుముందు చాలా ఆయిల్ ఇంజన్లకు మంటతో బుర్ర వేడిచేస్తేగానీ ప్రాణం వచ్చేది కాదు. దీనికి హ్యాండిల్ తిప్పితే చాలు. 5 గుర్రాల రకం 600 చుట్లు, 6 గుర్రాలది 650. బోరు నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు ఐదున్నర. అటొకటి ఇటొకటి పెద్ద ఫ్లైవీళ్లు, మూడు క్వింటాళ్లకు పైగా బరువు. పిండిగిర్నీల్లో ఒక్కో దెబ్బా లెక్కపెట్టేలా కొట్టుకున్నది ఈ జాతే. మన పీటర్ చప్పుడు అలా విడిగా వినబడదు, దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంటుంది. కాబట్టి లిస్టరా, పీటరా అన్నది తిరిగే ఇంజనైతే చెవితోనే తేలుతుంది. మాది తిరగదాయె.

ఇంజన్ విప్పితే క్రాంకు పిన్ను మీద గోరు ఆనేంత గీతలు. తాండూరులో పాత సామాన్ల దుకాణంలో అచ్చం అలాంటిదే ఒక క్రాంకు కనిపించింది. పీటర్ క్రాంకేనన్నారు. పొడవు సరిపోయింది, స్ట్రోకూ 110 వచ్చింది, కొన్నాను. తీరా చూస్తే కనెక్టింగ్ రాడ్ పిన్నుకు ఎక్కలేదు. 87.5 బోరుతో, అదే 110 స్ట్రోకుతో టీవీ1 అనే 7 గుర్రాల ఇంజన్ కూడా కిర్లోస్కర్‌లో ఉంది. స్ట్రోకు కలిసినంత మాత్రాన క్రాంకు కలవదని ఆ డబ్బు పోయాక గానీ తెలియలేదు.

రెండు క్రాంకులూ సంచిలో వేసుకుని లేతు మిస్త్రీ దగ్గరికి పోయాను. “ప్లేటు పోతే పోనీ తమ్మీ, ఇదేం ఇంజనో క్రాంకే చెప్తది” అన్నాడాయన. ముందు క్రాంకును తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాడు. మా పాతది గుడిగంటలా మోగింది. నేను కొన్నది మొద్దుగా పలికి ఆగిపోయింది. పిన్ను క్రాంకు గోడలో కలిసే మూల గుండ్రంగా ఉండాలి. ఎవరో గ్రైండింగ్‌లో ఆ గుండ్రం పోగొట్టి కోసుగా చేశారు, పగులు అక్కడే పుట్టింది. కనెక్టింగ్ ఎక్కకపోవడమే నా అదృష్టమన్నాడు.

తర్వాత మంచి క్రాంకును వీ దిమ్మెల మీద పెట్టి తిప్పాడు. పిన్ను పైకొచ్చినప్పుడు ఒక కొలత, కిందికి దిగినప్పుడు ఒక కొలత, ఆ తేడాయే స్ట్రోకు. 110. బ్లాకు బోరు లైనరు అరగని అంచు దగ్గర కొలిస్తే 80. అంటే ఏవీ1 కొలతే. ఇక అసలు పని మైక్రోమీటరుది. పిన్నును రెండు చివర్లా, నడుమనా, ఒకసారి నిలువుగా ఒకసారి అడ్డంగా పట్టాడు. గుండ్రం కోడిగుడ్డు వాటంగా అరిగింది. ఇదివరకే ఒకసారి గ్రైండ్ చేశారని గోడ మీద ‘10’ ముద్ర చెప్తోంది. 10 అంటే అంగుళంలో వెయ్యోవంతులు పది, పావు మిల్లీమీటరు. ఈసారి 20కి దించితే గీతలు పోతాయి, బేరింగు 20 సైజుది వేయాలి. పేరు చెప్పి బేరింగు అడగొద్దని, పిన్ను కొలత కాగితం మీద రాసుకుని అడగమని చెప్పాడు.

ఈ ఇంజన్లు ఇలా కొట్టాల పాలవడానికి కారణం కరెంటు. తీగలు బాయికాడికి రాగానే మోటార్లు వచ్చాయి, 2004 నుంచి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. డీజిల్ కొని నీళ్లు తోడడం ఎవరికి గిట్టుతుంది? చాలావరకు ఇనుము ధరకు పోయాయి, బ్లాకు ఒకచోటికి, క్రాంకు ఒకచోటికి. జంట విడిపోయిన ఆ సామాన్లే ఇప్పుడు దుకాణాల్లో కలిసిపోయి ఉన్నాయి. నాకు బాధ కలిగించేది అదే. ఇనుప ముక్క దొరుకుతుంది, దాని జత ఏదో చెప్పగల మనిషి దొరకడం కష్టం.

గ్రైండింగ్ అయ్యాక మిస్త్రీ పాత ‘10’ను కొట్టివేసి పక్కన ‘20’ ముద్ర గుద్దాడు. ప్లేటు లేని బ్లాకు మీద నేను తెల్లరంగుతో రాయించాను: 80, 110, క్రాంకు 20.