చిగుళ్ళ కావలి

పండ్లు తోముకొనునపుడు చిగుళ్ళనుండి నెత్తురు వచ్చినచో మనము దానిని స్వల్పవిషయముగా నెంచుదుము. దాని వెనుక మూడు శతాబ్దులకు మించిన అన్వేషణ కలదు.

1683లో హాలెండునందలి డెల్ఫ్ట్ నగరవాసి లీవెన్‌హుక్ తన పండ్ల పాచిని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, అందు కదలాడు జీవులను గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. ఆ పాచి చిగుళ్ళవాపునకు హేతువని మానవులయందు ప్రయోగపూర్వకముగా తేలినది 1965లో. డెన్మార్కులో హారల్డ్ లోయె, ఆయన సహచరులు 12 మందిచే పండ్లు తోముట మాన్పించిరి. 10 మొదలు 21 దినములలో అందరి చిగుళ్ళును వాచెను. మరల తోమనారంభింపగా సుమారు వారమునకు వాపు తగ్గెను.

మరి చిగురులోని కణములు ఊరకున్నవా? 1976లో పేజ్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు వ్యాధిదశలను వర్ణించుచు, చిగురునందలి తంతుకణములు చెడుటను, కొల్లాజెన్ నారలు నశించుటను చూపిరి. పైపొర కణములు సూక్ష్మజీవులను గుర్తించి, రసాయన సంకేతములచే తెల్లరక్తకణములను రప్పించునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఈ రక్షణయే దీర్ఘకాలము సాగినచో, దొంగను తరుముచు కావలివారే చేను త్రొక్కినట్లు, నారలును దంతముల కాధారమైన ఎముకయు క్షీణించును.

తొలిదశలోని వాపు మానును. పోయిన ఎముక తనంత తాను తిరిగిరాదు. కావున ఆ నెత్తురుచుక్కను కావలివారి కేకగా నెంచి, వేళకు మేలుకొనుట మన విధి.