నీరు మారితే చేపకు ఏమవుతుంది? అక్వేరియం చేపలను ఒక తొట్టి నుంచి మరో తొట్టికి మార్చే విధానం

ఆదివారం దుకాణంలో కొన్న రంగు చేప ఇంటి తొట్టిలో హుషారుగా తిరుగుతుంది. సోమవారం మేత ముట్టదు. మంగళవారం ఉదయానికి రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటుంది. కొన్నవారు జబ్బు చేపను అంటగట్టారని దుకాణదారుపై ఆగ్రహిస్తారు. అదే విడతలో వచ్చిన మిగతా చేపలు తన తొట్టిలో నిక్షేపంగా ఉన్నాయని దుకాణదారు చూపిస్తాడు. చాలా సందర్భాల్లో ఇద్దరి మాటా నిజమే. ఈ మధ్యలో మారినది నీరు.

కంటికి రెండు తొట్ల నీరూ ఒకేలా కనిపిస్తుంది. తేడా అంతా అందులో కరిగి ఉన్న పదార్థాలలో ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదును కాఠిన్యం అంటారు. ఆమ్లాన్ని తట్టుకుని నిలిచే శక్తి క్షారత. ఆమ్ల, క్షార స్వభావాన్ని పీహెచ్ సూచిస్తుంది. కరిగిన ఘనపదార్థాల మొత్తాన్ని టీడీఎస్ అంకె చెబుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. టీడీఎస్ విషయంలో ఈ అంకెలు 500, 2,000. అంటే ఒకే నగరంలో ఇద్దరి ఇళ్లలోనూ తాగడానికి పనికివచ్చే నీరే ఉన్నా, వాటి మధ్య నాలుగు రెట్ల తేడా ఉండవచ్చు. మనిషికి అది రుచిలో తేడా మాత్రమే. చేపకు అది శరీరం చుట్టూ ఉన్న లోకంలో వచ్చిన మార్పు.

మంచినీటి చేప రక్తంలోని లవణాల గాఢత సముద్రపు నీటి గాఢతలో సుమారు మూడో వంతు. చుట్టూ ఉన్న మంచినీరు దానికంటే ఎంతో పలుచన. అందువల్ల మొప్పల గుండా నీరు నిరంతరం ఒంట్లోకి చొరబడుతుంది, లవణాలు బయటికి జారిపోతుంటాయి. చేప మూత్రపిండాలు ఆ నీటిని ఎప్పటికప్పుడు తోడి పోస్తుంటాయి. మొప్పల్లోని ప్రత్యేక కణాలు నీటిలో ఉన్న కొద్దిపాటి లవణాలనే తిరిగి లోపలికి లాక్కుంటాయి. ప్రాణం ఉన్నంతకాలం సాగే ఈ పనిని చేప తానున్న నీటికి తగిన వేగంతో చేస్తుంది.

కఠిన జలంలో పెరిగిన చేపను ఒక్కసారిగా పలుచని ఆర్‌ఓ నీటిలో వదిలితే ఈ లెక్క తప్పుతుంది. లోపలికి చొరబడే నీరు పెరుగుతుంది, పోయే లవణాలూ పెరుగుతాయి. మొప్పల పొరను బిగువుగా ఉంచే కాల్షియం కూడా తగ్గడంతో ఆ నష్టం మరింత వేగవంతమవుతుంది. మృదు జలం నుంచి ఓ మోస్తరు కఠిన జలానికి వచ్చే చేపకు ఇంతటి కష్టం ఉండదు. మార్పు ఎంత అన్నదానితో పాటు ఎటువైపు అన్నది కూడా చూడాలనడానికి కారణం ఇదే. కొత్త నీటికి తగినట్టు మొప్పల కణాలు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. చేప మొదటి గంటలో కాక రెండో రోజో మూడో రోజో చనిపోవడంలోని రహస్యం కూడా ఇదే.

అక్వేరియం ప్రియులు అందరికంటే ఎక్కువ భయపడేది పీహెచ్‌కు. ఆ భయం కొంత అతిగానే ఉంది. పచ్చని నాచు నిండిన ఊరి చెరువులో మధ్యాహ్నం పీహెచ్ పెరిగి, తెల్లవారేసరికి తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులు ఒక పాయింటు దాటడం కూడా సాధారణమే. చేపలు దాన్ని రోజూ తట్టుకుంటాయి. లవణాల మోతాదు దాదాపు సమానంగా ఉన్నప్పుడు పీహెచ్‌లో స్వల్ప తేడా ఆరోగ్యంగా ఉన్న చేపను సాధారణంగా చంపదు. పీహెచ్‌ను కిందికి దించే ద్రావణాలు కొని పోయడం తరచూ ఎదురు తిరుగుతుంది. క్షారత ఎక్కువగా ఉన్న బోరు నీటిలో పీహెచ్ ఆ పూటకు తగ్గి, మర్నాటికి మళ్లీ పైకి లేస్తుంది. చేపకు ఒక మార్పుకు బదులు రెండు మార్పులు తప్పవు.

అమ్మోనియా దగ్గర మాత్రం పీహెచ్ నిజంగా ప్రాణాల మీదికి తెస్తుంది. చేపలు మొప్పల ద్వారా విసర్జించే అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో ఒకటి తీవ్ర విషం, రెండోది అంత ప్రమాదకరం కాదు. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద పీహెచ్ 7గా ఉంటే మొత్తంలో విషరూపం సుమారు అర శాతం. పీహెచ్ 8కి చేరితే అదే ఐదు శాతం దాటుతుంది.

దూర ప్రయాణం చేసి వచ్చిన సంచిలో జరిగేది ఈ లెక్కను బట్టి అర్థమవుతుంది. చెన్నైలోని కొళత్తూరు రంగు చేపల వ్యాపారానికి పేరు పొందిన ప్రాంతం. అలాంటి చోట నుంచి ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచిలో రాత్రంతా ప్రయాణించిన చేప తన చుట్టూ అమ్మోనియాను పోగు చేసుకుంటుంది. అయితే అది వదిలిన కార్బన్ డయాక్సైడ్ కూడా సంచిలోనే ఉండిపోయి పీహెచ్‌ను తగ్గిస్తుంది. ఆ మేరకు అమ్మోనియా విషం అదుపులో ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. ఆ సంచిలోకే క్షారత ఉన్న తొట్టి నీటిని గ్లాసులతో పోస్తూ గంటసేపు గడిపితే, మంచి చేస్తున్నామనుకుంటూనే చేపను విషంలో ఉంచినట్టవుతుంది.

కాబట్టి అన్ని చేపలకూ ఒకే పద్ధతి పనికిరాదు. ఇంట్లోనే ఒక తొట్టి నుంచి మరో తొట్టికి, లేదా పక్క వీధి దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన చేపకు చుక్కల పద్ధతి సరిపోతుంది. ముందు సంచిని మూసి ఉంచే పావుగంట నుంచి ఇరవై నిమిషాలు తొట్టి నీటిపై తేలనిస్తే ఉష్ణోగ్రత సమానమవుతుంది. తర్వాత చేపను దాని నీటితో సహా శుభ్రమైన బకెట్‌లోకి మార్చాలి. గాలి పంపుకు వాడే సన్నని గొట్టానికి వదులుగా ముడి వేసి, తొట్టి నీటిని సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున అందులోకి దింపాలి. నీరు రెట్టింపయ్యాక సగం పారబోసి మళ్లీ రెట్టింపు కానివ్వాలి. ఆ తర్వాత చేపను మాత్రమే తొట్టిలోకి వదలాలి. బకెట్ నీటిని, అందులోని మలినాలను, రోగక్రిములను తొట్టిలో పోయకూడదు. ముళ్లున్న క్యాట్‌ఫిష్ జాతులు వలలో చిక్కుకుంటాయి కనుక వాటిని చిన్న డబ్బాతో తీయడం మేలు.

దూరం నుంచి వచ్చిన చేపకు క్రమం తిరగబడాలి. చేపను నీటికి అలవాటు చేయడం కంటే నీటిని చేపకు తగినట్టు ముందే సిద్ధం చేయడం సులభం. పంపేవారి తొట్టి టీడీఎస్ ఎంతో ముందే అడిగి, విడిగా ఉంచిన చిన్న తొట్టిలో దానికి దగ్గరగా నీరు కలిపి ఉంచాలి. చేప రాగానే ఉష్ణోగ్రత సరిచూసి, సంచి విప్పి, జాప్యం లేకుండా అందులోకి మార్చాలి. అక్కడి నుంచి రోజుకు పదో వంతు నీటిని ఇంటి నీటితో మారుస్తూ పోతే రెండు మూడు వారాల్లో తేడా చాలావరకు చెరిగిపోతుంది. కొత్త చేపకు జబ్బు ఉంటే ఆ వ్యవధిలోనే బయటపడుతుంది కూడా.

నీరు కలపడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. బోరు నీటి టీడీఎస్ 600, కావలసినది 150 అనుకుంటే, ఆర్‌ఓ నీటిని దాదాపు సున్నాగా భావించి ఒక పాలు బోరు నీటికి మూడు పాళ్లు ఆర్‌ఓ నీరు కలపాలి. ఆర్‌ఓ యంత్రాల పుణ్యమా అని పెన్ను పరిమాణంలోని టీడీఎస్ మీటరు ఇప్పుడు చవకగానే దొరుకుతోంది. అయితే అది మొత్తాన్ని చెబుతుందే కానీ ఏ లవణం ఎంతో చెప్పదు. అపార్ట్‌మెంట్లలో అమర్చే వాటర్ సాఫ్ట్‌నర్లు కాల్షియంను తీసి సోడియంను ఇస్తాయి. టీడీఎస్ అంకె దాదాపు మారదు, నీటి స్వభావం మాత్రం మారిపోతుంది.

హైదరాబాద్ వంటి నగరాల్లో మరో చిక్కు ఉంది. ఒకే కుళాయిలో వానాకాలం కృష్ణా, గోదావరి నీరు, ఎండాకాలం ట్యాంకరు బోరు నీరు రావచ్చు. చేపను ఎక్కడికీ మార్చకుండానే నీరు మారిపోతుంది. అందుకే తొట్టిలో నీరు మార్చే ప్రతిసారీ మీటరు చూడటం అవసరం. పురపాలక సరఫరాలో క్లోరిన్ ఉంటుంది కనుక సోడియం థయోసల్ఫేట్ కలిపిన తర్వాతే వాడాలి. నెలల తరబడి నీరు మార్చని పాత తొట్టిలో క్షారత హరించుకుపోయి పీహెచ్ పడిపోతుంది, అమ్మోనియా నిరపాయ రూపంలో పేరుకుంటుంది. అలాంటి తొట్టిని ఒక్కరోజులో శుభ్రం చేసి సగానికి పైగా బోరు నీరు పోస్తే, సంచిలో జరిగినదే తొట్టిలో జరుగుతుంది. కొద్దికొద్దిగా, రోజు విడిచి రోజు మార్చాలి.

ఏ చేప ఏ నీటిది అన్న ప్రశ్నకు పుస్తకాల్లోని సమాధానం సగమే. నియాన్ టెట్రా, డిస్కస్‌ల సొంత ఇల్లు అమెజాన్ పరివాహక ప్రాంతంలోని మృదు జలం. మోలీలు కఠిన జలాన్ని, కొంత ఉప్పునీటిని కూడా ఇష్టపడతాయి. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్‌లకు క్షార జలం అవసరం. కానీ మార్కెట్‌లోని నియాన్ టెట్రాల్లో అధికభాగం తరతరాలుగా పెంపకం కేంద్రాల్లో పుట్టినవే. అమెజాన్ నీటి లక్షణాలకంటే నిన్నటి వరకు అవి ఈదిన తొట్టి నీటి అంకెలే ముందుగా అవసరం.

ఆంధ్రప్రదేశ్ తీరంలో వనామి రొయ్యలు సాగుచేసే రైతులకు ఇది కొత్త సంగతి కాదు. హేచరీ నుంచి వచ్చిన పిల్లల సంచులను చెరువు నీటిపై తేల్చి, ఉప్పదనంలో తేడా ఎక్కువగా ఉంటే చెరువు నీటిని కొంచెం కొంచెంగా కలిపి, ఆ తర్వాతే వదులుతారు. లక్షల పిల్లలతో వ్యవహరించే చోట తొందరపాటు ఖరీదు వెంటనే తెలిసివస్తుంది.

మార్చిన రోజు తొట్టి దీపాలు ఆర్పి ఉంచాలి, మేత వేయకూడదు. మర్నాడు కొద్దిగా వేసి చూడాలి. చేప నీటి ఉపరితలానికి వచ్చి నోరు తెరుస్తున్నా, రెక్కలు ముడుచుకున్నా, దిక్కుతోచనట్టు గోడలకు కొట్టుకుంటున్నా మందుల సీసా కంటే ముందు పరీక్షించవలసినవి అమ్మోనియా, నైట్రైట్, టీడీఎస్. గాలి పంపు వేగం పెంచి, అదే టీడీఎస్ ఉన్న తాజా నీటితో నాలుగో వంతు మార్చడం మొదటి చికిత్స.