పచ్చబొట్టు

చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ముంజేతి మీది ఒకే చుక్కకు రెండు పేర్లు: మరాఠీలో గోందణ్, తెలుగులో పచ్చబొట్టు. ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఆదిలాబాద్ వైపు ఉన్న తాలూకా అది. 1956లో బొంబాయి రాష్ట్రానికి పోయింది, 1959లో చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో చేరింది. రాజ్‌గోండుల ఆడవాళ్లకు ఈ బొట్లు పొడిచే పని తోటి అనే తెగ ఆడవాళ్లది. మహారాష్ట్ర షెడ్యూల్డ్ తెగల జాబితా చంద్రపూర్ జిల్లాలో తోటి తెగను గుర్తించింది ఈ ఒక్క తాలూకాలోనే. సరిహద్దు మారినా సూది పాత దారే పట్టిందన్నమాట.

గోందణ్‌కు హిందీ గోద్‌నా చుట్టం. దానికి అర్థం గుచ్చడం. గోండు అన్న పేరుతో దీన్ని ముడిపెట్టేవాళ్లున్నారు గానీ, అది వినికిడి పోలికే. ఎక్కడో దూరాన బోస్నియాలోనూ కాథలిక్ ఆడవాళ్లు చేతుల మీద, గుండెల మీద శిలువలు పొడిపించుకునేవారు. 1890లలో చిరో త్రుహెల్కా అనే పరిశోధకుడు వాటి గురించి రాశాడు. ఈ పనికి అక్కడున్న పేర్లలో ఒకటైన బొత్సాన్యెకు అర్థం కూడా పొడవడమే. ఈ పేర్లన్నీ సూదిని చూసి పెట్టినవి.

మన మాట రంగును చూసింది. తమిళులు పచ్చై అంటారు. కన్నడిగులు పాలును హాలు చేసినట్టే పచ్చెను హచ్చె చేసుకున్నారు. సూదితో లోపలికి పోయేది నల్లటి మసి. చర్మం కింద నుంచి కనిపించేది మాత్రం పచ్చన. పసుపుపచ్చా ఆకుపచ్చా అని విడదీసి చెప్పాల్సిన పచ్చకు ఇక్కడ ఆ పూర్వపదం అక్కర్లేదు.

క్రియ ఇంకా బాగుంది. సూది పొడుస్తుంది, పొద్దూ పొడుస్తుంది. గుచ్చుకోవడం, పైకి తేలడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. వాపు తగ్గి పొక్కు రాలాక రంగు తేలే తీరుకు ఇంతకన్నా సరైన క్రియ నాకు కనబడలేదు.

ఇక బొట్టు. కుంకుమబొట్టు చెమటకు కరుగుతుంది, మొగుడు పోతే లోకం తుడిచేస్తుంది. పచ్చబొట్టును తుడవడం లోకం వల్ల కాదు. నగలన్నీ ఇక్కడే ఉండిపోతాయి, ఇదొక్కటే వెంట వస్తుందని గోండు ఆడవాళ్ల నమ్మకం. అంత పట్టుదల ఉన్న గుర్తుకు, రాలిపోయే నీటిచుక్క పేరైన బొట్టును తగిలించడంలో మనవాళ్ల చమత్కారం ఉంది.

ఇప్పుడు దుకాణాల బోర్డుల మీద టాటూ. తాహితీ దీవి మాట అది. 1769లో నావికుడు కుక్ ఓడతో ఇంగ్లీషులోకి ఎక్కింది. దానిమీద నాకు పేచీ లేదు, దానికీ ఒక ఊరుంది. కానీ రంగునూ, పొడుపునూ, బొట్టునూ కలిపి చెప్పే మాట మనకుండగా అది అక్కర్లేదు. మీ ఇంట్లో మోచేతి దాకా బొట్లున్న నాయనమ్మ ఉంటే, ఒక్కో బొమ్మను ఏమంటారో అడిగి రాసిపెట్టండి. ఆ పేర్లు చాలావరకు నిఘంటువుల్లో దొరకవు.