నైజామాంధ్రమున సభ లేని రాజకీయము

రాజకీయమనఁగా సభలు తీర్చుట, ఊరేగింపులు నడపుట, ఆజ్ఞను ధిక్కరించి చెఱసాలకుఁ బోవుట యని లోకము తలఁచును. ఇవి యెల్లరకుఁ గనుపట్టునవి గావునఁ జరిత్రకారులును వీనినే ముందుగాఁ బేర్కొందురు. కాని సభ చేయుటకే సెలవు దొరకుట దుర్లభమైన దేశమునఁ బ్రజలు రాజకీయము నెట్లు నడపిరి? దీనికి నైజాము రాజ్యమందలి తెలుఁగువారి చరిత్రము సమాధాన మొసఁగుచున్నది.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీని హైదరాబాదునందు రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును మునగాల ప్రభువులును దీనికిఁ దోడ్పడిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలి పుట్టెను. ఆ మండలి మొదట వెలువరించిన గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. బానిసలను విడిపించిన పరదేశ నాయకుని కథ యది. పరదేశ కథయే యైనను, చదువరి తన దేశమును దలఁచుకొనకుండునా?

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుఁగునఁ బ్రసంగింపఁబోఁగాఁ గొందఱు గేలిచేసిరి. అవమానితులైన తెలుఁగువారు వీథికెక్కలేదు; ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. ఆ సంఘము గ్రంథాలయములను నెలకొల్పించెను. శాసనములను, తాళపత్రములను వెదకించెను. ఆ పరిశోధన ఫలముగా లక్ష్మణరాయ పరిశోధకమండలి 1935లో తెలంగాణా శాసనములను బ్రకటించెను. వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల స్వాతంత్ర్యమును గూర్చియు సంఘము చిన్నపుస్తకముల నచ్చువేసి పంచెను. ప్రభుత్వభాష ఉర్దూ యగుటచేఁ బల్లెవాఁడు తన్నుఁ గాచు నుత్తరువు కలదనియే యెఱుఁగఁడు. అట్టివానికిఁ దన హక్కును దన భాషలోఁ దెలుపుట కంటె మించిన రాజకీయ మేది?

1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదునఁ దెలుఁగు బాలికల పాఠశాలను నెలకొల్పిరి. సభలకు ముందుగా ననుమతి పొందవలెనని కట్టడిచేయు గస్తీ నిశాను 53 వెలువడినది 1929లో. అయినను మఱుసటి యేఁడే జోగిపేటయందుఁ బ్రతాపరెడ్డిగారి యధ్యక్షతను బ్రథమాంధ్రమహాసభ జరిగెను. మూఁడు దశాబ్దముల పఠనమందిరముల వలననే యా సభకు జనులు సిద్ధమైరి.

ఇది చదువరుల రాజకీయమే గాని వెట్టిచేయువాని రాజకీయము కాదని యాక్షేపింపవచ్చును. ఈ యాక్షేపమునందు సత్యము లేకపోలేదు. అక్షరము రానివానికి గ్రంథాలయపు తలుపు తెఱచియున్నను మూసినట్లే. కావుననే 1940 తరువాత మహాసభయందు భేదములు పుట్టెను. 1944 నాఁటి భువనగిరి సభతో నది చీలెను. కాని తరువాతి రైతుపోరాటమునఁ బల్లెలయందు మాఱుమ్రోగిన సంఘ మను మాట యా మహాసభదే. పుస్తకముతోఁ బుట్టిన సంస్థ పొలమునకు నడచెను.

ప్రత్యయము లోపించినను దాని కార్యము శబ్దమునందు నిలుచునని వైయాకరణులు చెప్పుదురు. నైజామాంధ్రమున సభ పెక్కుమాఱులు లోపించెను. దాని కార్యము మాత్రము లోపింపలేదు.