ఢిల్లీ చలిలో పెరటి కోళ్లు: గూటికి గాలి అందాలి, ఎలుకలకు దారి మూయాలి

న్యూఢిల్లీ: జాతీయ రాజధాని ప్రాంతంలో చలి ముదిరే డిసెంబరు, జనవరి నెలల్లో పెరటి కోళ్లకు రెండు వైపుల నుంచి ముప్పు పొంచి ఉంటుంది. ఒకటి చలి, రెండోది ఎలుకలు. చలికి భయపడి గూటిని పూర్తిగా మూసేస్తే లోపల తేమ పెరిగి కోళ్లు జబ్బు పడతాయి. ఆ వెచ్చదనానికి, దాణాకు ఆశపడి ఎలుకలు చేరతాయి. అందువల్ల ఈ రెండు సమస్యలకూ కలిపి పరిష్కారం చూడాలి.

చలి తీవ్రత ఎంత?

మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తగ్గితే భారత వాతావరణ శాఖ దానిని శీతల గాలులుగా పరిగణిస్తుంది. ఢిల్లీకి ఇది కొత్త కాదు. 1935 జనవరి 16న సఫ్దర్‌జంగ్‌లో ఉష్ణోగ్రత మైనస్ 0.6 డిగ్రీలకు పడిపోయింది.

కోడి శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీలు. ఈకలు నిండుగా ఉన్న పెద్ద కోడి పొడిగా ఉంటే చలిని బాగానే తట్టుకుంటుంది. అయితే దాణాలో ఎక్కువ భాగం ఒంటి వేడికే ఖర్చవుతుంది కాబట్టి మేత పెంచాలి. పిల్లలకు ఆ శక్తి ఉండదు. మొదటి వారం వాటికి సుమారు 35 డిగ్రీల వేడి అవసరం. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు.

గూడు ఎలా ఉండాలి?

శీతకాలంలో ఢిల్లీ వైపు ప్రధానంగా వాయవ్య దిశ నుంచి చలిగాలి వీస్తుంది. ఆ వైపు గోడను మూసి, తలుపును దక్షిణానికి లేదా తూర్పునకు పెట్టడం మేలు. రాత్రివేళ పక్కల గోనెపట్టాలు దించాలి. కోళ్ల తలల కన్నా ఎత్తులో, కప్పు కింద గాలి సందులు మాత్రం తెరిచే ఉంచాలి. రెట్టల నుంచి వెలువడే అమోనియా, కోళ్ల ఊపిరిలోని తేమ ఆ సందుల గుండానే బయటకు పోతాయి. ఉదయం గూటిలో తల పెట్టగానే కళ్లు మండితే గాలి చాలడం లేదని అర్థం.

నేలపై రెండు, మూడు అంగుళాల మందాన వరి ఊక లేదా రంపపు పొట్టు పరచాలి. తరచూ తిరగేస్తూ, తడిసిన చోట మార్చాలి. వెచ్చదనం కోసం మూసిన గూటిలో అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి పెట్టరాదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ కోళ్లకూ, పక్కగదిలోని మనుషులకూ ప్రాణాంతకం.

డిసెంబరు చివరిలో ఢిల్లీలో పగటి వెలుతురు సుమారు 10 గంటల 20 నిమిషాలే. గుడ్లు నిలకడగా పెట్టాలంటే 14 నుంచి 16 గంటల వెలుగు కావాలి. బల్బు అమర్చితే తీగలను ఇనుప గొట్టంలోంచి తీసుకెళ్లాలి. ఎలుకలు తీగలు కొరికితే గడ్డికి, ఊకకు నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఎలుకలకు అడ్డుకట్ట

ఎలుకలు గుడ్లను, పిల్లలను ఎత్తుకెళతాయి. దాణాను మలమూత్రాలతో కలుషితం చేసి సాల్మొనెల్లా, లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధులు వ్యాపింపజేస్తాయి. ఒక్కో ఎలుక రోజుకు సుమారు 25 గ్రాములు తింటుంది. నాలుగైదు ఎలుకలు చేరితే ఒక పెట్టకు పెట్టే దాణా మాయమైనట్లే.

కోళ్ల కంచెకు వాడే పలుచని ఆరుపలకల వల ఎలుకలను ఆపలేదు. అరంగుళం కన్నా పెద్దవి కాని కన్నాలున్న వెల్డింగ్ ఇనుప జాలీని గాలి సందులకూ, కింది అంచులకూ బిగించాలి. నేల మట్టిదైతే జాలీని అడుగు లోతు వరకు దించి, బయటి వైపునకు మడవాలి. పందికొక్కులు తవ్వుకుని వచ్చే దారిని ఇది మూస్తుంది. గూటిని నేల నుంచి అడుగున్నర ఎత్తున నిలబెడితే కింద శుభ్రం చేయడం కూడా తేలిక.

దాణాను మూత బిగిసే రేకు డబ్బాలో నిల్వ చేయాలి. సాయంత్రం మేత తొట్లు తీసివేసి, గుడ్లు ఏరుకోవాలి. కట్టెల కుప్పలు గూటికి దూరంగా ఉంచాలి. విషపు ఎరలు చివరి మార్గమే. కోడి ఆ ఎరను తిన్నా, విషం తిన్న ఎలుకను పొడిచినా ముప్పే. గోడ వెంట, కోళ్లకు అందని పెట్టెల్లో బోనులు పెట్టడం సురక్షితం.

అకస్మాత్తుగా చనిపోతే

2021 జనవరిలో ఢిల్లీలో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఘాజీపుర్ కోళ్ల మార్కెట్‌ను తాత్కాలికంగా మూసివేశారు. శీతకాలంలో కోళ్లు ఒక్కసారిగా చనిపోతే చలి వల్లేనని సరిపెట్టుకోకూడదు. కళేబరాలను చేతులతో తాకకుండా, వెంటనే సమీప పశువైద్యశాలకు సమాచారం ఇవ్వాలి.